ఐదు వేళ్ళంటే ఆగమని

పదిహేను నిమిషాలు కదలకూడదట. మాట్లాడకూడదట. నవ్వకూడదట. ఈ మాట ఎవరితో చెప్పింది మా మనవరాలు? నాతో. పొయ్యి మీద పప్పు పెట్టి, అది ఉడికేలోపు వీధి గుమ్మం దాకా నాలుగుసార్లు తిరిగొచ్చే మనిషితో.

సెలవులకని పలాసలో మా ఇంటికొచ్చింది పిల్ల. ఫోనులో ఏదో వీడియో చూసి పొద్దున్నే వంటింట్లో దూరింది. శనగపిండి, పెరుగు, తేనె, టమాటా గుజ్జు, చిటికెడు పసుపు. అన్నీ కలిపి తను పూసుకుని, నా ముఖానికీ పట్టించింది. ఫేస్ మాస్కట. బజారులో కొనేదానికంటే ఇంట్లో తాజాగా చేసుకున్నదే మంచిదని నాకు పాఠం కూడా చెప్పింది. సరే కదా అని కుర్చీలో కూర్చున్నాను. కూర్చున్నానో లేదో కుక్కరు కూత పెట్టింది. తర్వాత కూరగాయల ఆటోవాడి కేక. అది అయ్యాక, పెరట్లో ఆరేసిన ఒడియాల మీద కాకి వాలిందేమోనని నాకే అనుమానం. మూడుసార్లు లేచాను. మూడోసారికి నా బుగ్గల మీద పిండి నెరలు విచ్చింది. ఇంత కుదురులేని ముసలిదాన్ని ఎక్కడా చూడలేదంది మనవరాలు.

నవ్వబోయాను. నవ్వు సగంలో ఆగిపోయింది. పచ్చి పిండీ పసుపూ కలిసి ముఖం మీద బిగుసుకునేటప్పుడు ఒక వాసన వస్తుంది. ఆ వాసనకి కళ్ళ ముందు ఒక చెయ్యి లేచింది. నల్లటి చెయ్యి. ఐదు వేళ్ళూ బారజాపి.

ఆ చెయ్యి మా పిన్నిది, అమ్మకి స్వయానా చెల్లెలు. నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి. నాన్న ఉద్యోగం ఎక్కడో దూరాన. అమ్మా నేనూ తాత దగ్గరే ఉండేవాళ్ళం, మందసకీ సముద్రానికీ మధ్యన ఉండే ఒక చిన్న ఊళ్ళో. ఇంటి వెనక కొబ్బరిచెట్లు, వాటి వెనక జీడితోట, తోట దాటితే ఇసక. గాలి అటునుంచి వీస్తే సముద్రం మోత అన్నం తింటుంటే కూడా వినపడేది. అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది. ఇంట్లో మేం నలుగురమే.

నేను చెప్పేది ఎండాకాలం మాట. మా వైపు ఎండాకాలం అంటే జీడిపళ్ళ కాలం. తోటంతా పుల్లగా, కాస్త మత్తుగా ఒక వాసన. పండు కొరికితే రసం మోచేతి దాకా కారేది. ఉప్పు అద్దుకోకుండా తింటే గొంతు పట్టేసేది, అయినా తినేదాన్ని. ఆ రసం గౌను మీద పడితే మరక జన్మలో వదలదు. నాకున్న మూడు గౌన్లకీ ఆ మరకలే. నేనున్నచోట నిలిచేదాన్ని కాదు. చెట్టెక్కి దిగడం, కోడిని తరమడం, నూతిలోకి తొంగిచూసి నా పేరు నేనే పిలుచుకోవడం. కాలు కాలిన పిల్లి అని అమ్మ నాకు పెట్టిన పేరు. పిన్ని మాత్రం 'గుంటా' అనేది. మా వైపు ఆడపిల్లని అలాగే పిలుస్తారు, అందులో తిట్టు లేదు.

పిన్ని ఊరి చివర షెడ్డులో జీడిపిక్కలు కొట్టడానికి వెళ్ళేది. వేయించిన పిక్కని రాయి మీద పెట్టి, చిన్న కర్రతో ఒకే దెబ్బ వెయ్యాలి. పెంకు పగలాలి, లోపలి పప్పు విరగకూడదు. పెంకులో జీడి ఉంటుంది. నల్లటి చిక్కటి రసం, తగిలిందంటే కాల్చేస్తుంది. చేతులకి కొబ్బరినూనె, బూడిద ఎంత రాసుకున్నా లాభం లేదు. షెడ్డుకి వెళ్ళే ఆడవాళ్ళందరి చేతులూ నల్లగా, చర్మం లేచిపోయి ఉండేవి. పిన్ని చేతులూ అంతే. అన్నం కూడా చెంచాతో తినేది. అదొక దొరసాని వేషమని పక్కింటి ముసలమ్మ వెక్కిరించేది.

పిన్నికి ఆ షెడ్డంటే ఇష్టం. పొద్దున్నే పదిమంది ఆడవాళ్ళు కబుర్లాడుకుంటూ వెళ్ళడం, సాయంత్రం నవ్వుకుంటూ రావడం. పలాసలో కొత్తగా పెద్ద ఫ్యాక్టరీ వస్తోందనీ, వానలు పోయాక అందరం అక్కడికే వెళ్దామనీ వాళ్ళు అనుకునేవారు. పిన్ని చెయ్యి నేర్పు చూసి, పప్పు సైజులవారీగా ఏరే పనికి తీసుకుంటామని మేస్త్రీ కూడా అన్నాడట. ఆ పనికి జీడి అంటదు. నా చేతులు మళ్ళీ తెల్లబడతాయే గుంటా అని ఒకసారి నాతో అంది.

ఆదివారం షెడ్డుకి సెలవు. ఆ మధ్యాహ్నం పిన్ని ముఖానికి పిండి పూసుకునేది. 'సేతులు షెడ్డువే. ముకం నాది' అనేది. పూసుకునేది అన్నాను గానీ, పూసేదాన్ని నేను. ఆ చేతులతో ఆవిడ తన ముఖం తాను ముట్టుకోకూడదు. ఒకసారి మరిచిపోయి చెంప గోక్కుంటే వారం రోజులు బొబ్బ తగ్గలేదు. అందుకని నూరడం నేనే, పూయడం నేనే. ఎక్కడా పది నిమిషాలు నిలవని నన్ను కూర్చోబెట్టిన పని అదొక్కటే.

తాత కుంపటి మీద కాల్చి కొట్టిన మా చెట్ల పప్పులో విరిగిన ముక్కలు ఏరి, తాజాగా పిండిన కొబ్బరిపాలల్లో నానబెట్టాలి. సన్నికల్లు మీద పచ్చి పసుపుకొమ్ము అరగదీసి, నానిన పప్పు వేసి, వెన్నలా అయ్యేదాకా నూరాలి. పెసరపిండి జారుడు చూసుకుని కలపాలి. తాటిముంజలు దొరికిన రోజైతే వాటి నీళ్ళు కూడా. చెమటకాయకి మంచిదని. పిన్ని పక్కన కూర్చుని నల్లటి వేలితో ముట్టకుండా చూపించేది, ఇంకా గరుకుంది, ఇంకా రెండు తిప్పులు అని. నేను రెండు పప్పులు రాతి మీద వేస్తే ఒకటి నోట్లో వేసుకునేదాన్ని. ఈ పప్పు నా ముఖానికా నీ కడుపుకా అని అడిగేది. రెండింటికీ మంచిదే కదా అనేదాన్ని.

పెరట్లో కొబ్బరిచెట్ల నీడన నులకమంచం వేసి, పిన్ని వెల్లకిలా పడుకునేది. కళ్ళ మీద తడిగుడ్డ. నేను మంచం తలాపున నిలబడి నుదుటి నుంచి గడ్డం దాకా పూసేదాన్ని. చల్లగా ఉందే అని ఒక్క మాట అని, ఇక నోరు మూసుకునేది. మొదటి వారాల్లో మాట్లాడకుండా ఉండడం ఆవిడ వల్ల కాలేదు, పిండంతా పగిలి మంచం మీద రాలింది. అప్పుడే మేమిద్దరం వేళ్ళ భాష పెట్టుకున్నాం. ఒక వేలు లేపితే మంచినీళ్ళు. రెండు వేళ్ళయితే ఈగ వాలింది, తోలు. పిడికిలి బిగిస్తే నోరు ముయ్యమని. ఐదు వేళ్ళూ చాపితే ఆగు, ఇంకా ఆరలేదు అని.

నేను ఎక్కువ చూసింది ఆ ఐదు వేళ్ళే. నాకు ఆగడం ఎక్కడొచ్చు? పూసి చెయ్యి కడుక్కుని రాగానే ఆరిందా అని అడిగేదాన్ని. ఐదు వేళ్ళు. కోడిని ఒక చుట్టు తరిమి వచ్చి, ఆరిందా? ఐదు వేళ్ళు. ఇక విసుగు పుట్టి కొబ్బరి ఈనెతో అరికాలు గిలిగించేదాన్ని. పక్కింటి ముసలమ్మలా పొడుం పీల్చి, తుమ్మి, ముక్కు తుడుచుకుని చూపించేదాన్ని. పిన్ని పొట్ట ఎగిరెగిరి పడేది, బుగ్గల మీద నెరలొచ్చేవి. లేచి నన్ను తరిమేది, సగం పిండి ముఖంతో, చేతులు మాత్రం నాకు తగలకుండా వెనక్కి పెట్టుకుని. ఒలే గుంటా, నీలాంటి కుదురులేని దాన్ని ఎక్కడా సూడనేదే, అని.

ఒక ఆదివారం పక్కింటి ముసలమ్మా మరో ఇద్దరూ వచ్చి అరుగు మీద కూర్చున్నారు. పిన్ని మంచం మీద పిండి పూసుకుని ఉంది. నోరు మూసుకున్న మనిషికి చెవులు కూడా ఉండవనుకున్నారో ఏమో, ఆవిడ లేనట్టే ఆవిడ గురించి మాట్లాడుకున్నారు. సోంపేట అవతల కొబ్బరితోటలున్న వాళ్ళ సంబంధం వచ్చిందట. అబ్బాయి నెమ్మదస్థుడట, ఒక్కడే కొడుకట. అయినా పిక్కలు కొట్టే చేతులు చూస్తే వాళ్ళు పారిపోరూ, పెళ్ళయ్యేదాకా చేతులు కొంగు కింద దాచమనాలి అంది ముసలమ్మ. మంచం మీద నుంచి పిడికిలి లేచింది. అది చూసి, పాపం పిల్లకి దోమ కుట్టిందేమోనంది ముసలమ్మ. నేను నోట్లో గౌను కుక్కుకుని నవ్వాను. ఆ ఊళ్ళో ఆ పిడికిలికి అర్థం తెలిసింది నాకొక్కదానికే. అది తలుచుకుంటే నాకప్పుడు భలే గర్వంగా ఉండేది.

ఆ తర్వాతి ఆదివారమే అది జరిగింది.

అమ్మ ఆ రోజు ఇంట్లో లేదు, నాన్న తరపు వాళ్ళింట్లో పురుడని నందిగాం వెళ్ళింది. పిన్నికి పిండి పూసి నేను చేతులు కడుక్కుంటున్నాను. తాత చలవ పంచె కట్టి, కండువా వేసి, గొడుగు పట్టుకుని వీధి పంచలో నిలబడి నన్ను పిలిచాడు. పెళ్ళికొడుకు మేనమామ ఆ రోజు సోంపేట వచ్చాడని, సాయంత్రం దాకా ఉంటాడని, ఏదో ఒక మాట చెప్పమన్నాడని కబురొచ్చిందట. తాత మంచివాడు. కానీ అమ్మమ్మ పోయాక, ఎదిగిన కూతురితో ఎదురుగా నిలబడి ఏ సంగతీ మాట్లాడేవాడు కాదు. సిగ్గో బెరుకో తెలీదు. అన్నానికి రమ్మనాలన్నా నాతోనే కబురు పంపేవాడు. అది కూడా నాతోనే పంపాడు.

"ఒలే, ఎల్లి మీ పిన్నిని అడుగు. సోంపేట సంబంధం ఇట్టమేనా అని. ఇట్టమైతే ఈ బస్సుకే ఎల్లి మాటిచ్చొత్తాను. నువ్వూ వద్దువుగాని."

నువ్వూ వద్దువుగాని. నా చెవికి ఆ ఒక్క మాటే ఎక్కింది. సోంపేట అంటే నాకు బజారు కాదు, బస్సు దిగిన చోట ఉండే ఒక కొట్టు. అందులో సేమ్యా ఐసు. పాలు గడ్డకట్టించి, కొసన సేమ్యా పోగులు అంటించి, పుల్లకి గుచ్చి ఇచ్చేవాడు. అంతకు ముందు ఏడాది ఒకేసారి తిన్నాను. ఏడాదంతా దాని గురించే చెప్పుకున్నాను.

పెరట్లోకి పరిగెత్తి పిన్ని చెవి దగ్గర నోరు పెట్టి అడిగాను. పిన్ని కదల్లేదు. నిద్రపోయిందేమో అనుకున్నాను. కాసేపటికి వేళ్ళ కొసలతో తడిగుడ్డ ఒక పక్కకి జరిపి, ఒక కన్నుతో నన్ను చూసింది. మళ్ళీ గుడ్డ కప్పుకుంది. చెయ్యి పైకి లేచింది. ఐదు వేళ్ళు.

బస్సు వచ్చేస్తుంది పిన్నీ అన్నాను. ఆ చెయ్యి దించలేదు. వేళ్ళు ఇంకా గట్టిగా చాపింది. మలుపులో బస్సు హారన్ వినపడింది.

ఆ చేతికి అర్థం నాకు తెలీదా? ఊరందరిలోకీ నాకే తెలుసు. అయినా పంచలోకి పరిగెత్తుకొచ్చి, సరే అంది తాతా, అన్నాను.

"నోటితో అందా?" అన్నాడు తాత.

"నోటికి పిండుంది తాతా. సెయ్యెత్తింది."

అది అబద్ధం కాదు చూడండి. చెయ్యి ఎత్తిన మాట నిజమే. అంత చిన్న వయసులో అంత తెలివి నాకెలా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే, ఐసు కోసం వచ్చి ఉంటుంది. ఊళ్ళో నలుగురు కూర్చున్న చోట చెయ్యెత్తితే ఒప్పుకున్నట్టే. తాత కళ్ళు తడయ్యాయి. మీ అమ్మమ్మ ఉంటే ఎంత సంబరపడేదో అని గొడుగు చంకన పెట్టి, నా చెయ్యి పట్టుకుని, బస్సు కోసం పరుగులాంటి నడక నడిచాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా మాట సోంపేట దాటితే చాలు కదా, అంతా అయిపోవడానికి.

సోంపేటలో తాతా ఆ మేనమామా ఒక కొట్టు ముందు బల్ల మీద కూర్చుని తాంబూలాలు మార్చుకున్నారు. నేను వాళ్ళ పక్కనే నిలబడి ఐసు చీకుతున్నాను. ఎండకి అది నేను తినేదానికంటే వేగంగా కరిగిపోతోంది, నా తొందరంతా దాని మీదే. తిరుగు బస్సులో ఐసు పుల్ల కొరుకుతూ కూర్చున్నప్పుడు మొదటిసారి ఆ ఐదు వేళ్ళు గుర్తొచ్చాయి. పిన్ని ఎలాగూ సరే అనే ఉండేది అని నాకు నేనే చెప్పుకున్నాను. అందరూ మంచి సంబంధమనే అన్నారు కదా. మళ్ళీ వెంటనే ఆ వేళ్ళు కనపడేవి. కిటికీలోంచి చెట్లు లెక్కపెడదామనుకున్నాను, లెక్క కుదరలేదు.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. పిన్ని తడిగుడ్డతో ముఖం తుడుచుకుని, తల దువ్వుకుని, ముంగిట్లో నిలబడి ఉంది. ముఖం నిగనిగలాడుతోంది. ఇంట్లో ఎవరూ లేకపోయేసరికి మమ్మల్ని వెతుకుతోంది పాపం. తాత స్తంభం వైపు చూస్తూ కూతురితో అన్నాడు, ఎన్నాళ్ళకో నేరుగా.

"మాటిచ్చేసేనమ్మా. నువ్వు సెయ్యెత్తేవని గుంట సెప్పింది. నాకు పెద్ద బరువు దిగిపోనాది."

పిన్ని నిలబడే ఉంది. తాతనోసారి చూసింది, నన్ను చూసింది. నాకు గోడలోకి దూరిపోవాలనిపించింది. ఇప్పుడు చెప్పేస్తుంది, నేను అనలేదు, ఇది అబద్ధమాడింది అని. తాత గొడుగు తిరగేసి నా వీపు చిట్లగొడతాడు. పిన్ని నా దగ్గరికి వచ్చింది. నా గౌను మీద, గుండెల దగ్గర, ఒక సేమ్యా పోగు అంటుకుని ఎండిపోయి ఉంది. గోటితో దాన్ని నెమ్మదిగా గీకి తీసింది.

"ఐసు బాగున్నాదా?" అంది.

తలూపాను. బిందె తీసుకుని నూతి వైపు వెళ్ళిపోయింది.

అంతే. తిట్టలేదు, కొట్టలేదు, ఎవరికీ చెప్పలేదు. చెబితే తాత ఇచ్చిన మాట ఏమవుతుంది, నా వీపు ఏమవుతుంది. రెండూ ఆలోచించిందేమో. నేను మాత్రం ఆ రాత్రి నుంచీ తిట్టు కోసం ఎదురుచూశాను. తర్వాతి ఆదివారం అడక్కుండానే పప్పు నానబెట్టి, నూరి, గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. ఇవాళొద్దులే అంది. ఆ పైవారమూ వద్దంది. ఆ గిన్నెలో పప్పు నేనే తిన్నాను, వెగటేసింది.

పెళ్ళినాడు నలుగు పెట్టే వేళ ఊళ్ళో ముత్తైదువలంతా తలా కాస్త పిండి రాశారు. ముసలమ్మ మరీ హడావిడిగా, చేతులకి ఇంకాస్త పట్టించండర్రా అంటోంది. అమ్మ నన్ను కూడా ముందుకి తోసింది, వారం వారం రాసేదానివి కదా రాయమని. నుదుటి నుంచి గడ్డం దాకా ఎప్పటిలాగే రాశాను. పిన్ని ఒడిలో ఆ నల్లటి చేతులు రెండూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఒక్క వేలైనా లేస్తుందేమోనని చూశాను. లేవలేదు.

చిన్నాన్న మంచివాడే. ఉన్నమాట చెప్పాలి. పల్లెత్తు మాట అనలేదు. పిన్నికి ముగ్గురు పిల్లలు. తుఫాను తోటని నేలకూల్చినప్పుడు మళ్ళీ మొక్కలు పెట్టింది, మళ్ళీ కాపుకి తెచ్చింది. పెళ్ళయిన రెండేళ్ళకే చేతులు తెల్లబడ్డాయి. పలాస ఫ్యాక్టరీకి ఆవిడ స్నేహితురాళ్ళు వెళ్ళారు, ఆవిడ వెళ్ళలేదు. ఆవిడ ఏనాడూ ఏడుస్తూ కనపడలేదు. అదే నన్ను తినేసింది. ఏడిస్తే కాళ్ళ మీద పడుదును. పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో కలిసినప్పుడల్లా ఇవాళ అడుగుదాం అనుకునేదాన్ని, ఆ రోజు నువ్వు ఏం చెప్పబోయావు పిన్నీ అని. నోటిదాకా వచ్చేది. లేచి ఏదో పని పెట్టుకునేదాన్ని. నాకు కుదురు లేదంటారు అందరూ. కుదురుగా కూర్చుంటే ఆ చెయ్యి కనపడుతుందని ఎవరికి చెప్పను?

ఇప్పుడు ఆవిడకి కిడ్నీ. మా ఉద్దానం ఊళ్ళలో ఇంటికొకరికి ఉన్న జబ్బే. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పలాస వస్తుంది. నాలుగు గంటలు కదలకుండా పడుకుంటుంది. అది అయ్యాక మా ఇంటికొచ్చి కాసేపు నడుం వాల్చి, కొడుకు బండి తీసుకొచ్చేదాకా ఉంటుంది. మనవరాలు నాకు పిండి పూసిన రోజు ఆవిడ వచ్చే రోజే.

నేను ముఖం కడుక్కున్నాక వచ్చింది. వచ్చీ రాగానే గిన్నెలోకి తొంగిచూసింది. "టమాటా ఏటే? కూర సేత్తన్నావా?" అంది మనవరాలితో. ముఖమంతా నల్లబడి, పొడిబారి, దురదలు ఆవిడకి. నీకూ రాయనా తాతమ్మా అని అడిగింది పిల్ల. పిన్ని నా వైపు చూసింది. మనది సెయ్యే గుంటా, అంది. జీడిపప్పు, కొబ్బరిపాలు. ఆ రెండూ ఆవిడ నోట పెట్టకూడదు. చుట్టూ కొబ్బరితోట పెట్టుకుని బొండాం తాగే వీలు లేదు. "తిననియ్యరు, తాగనియ్యరు. పూసుకుంతే డాక్టరేటంతాడు?" అని నవ్వింది.

నా చేతులు వాటంతటవే చేశాయి. కొబ్బరి కోరి పాలు తీశాను, పప్పు నానబెట్టాను, మిక్సీ వద్దని బండ మీద నూరాను. ఈసారి ఒక్క ముక్క కూడా నోట్లో వేసుకోలేదు. పిన్ని దివాను మీద వెల్లకిలా పడుకుంది. నుదుటి నుంచి గడ్డం దాకా రాశాను. చల్లగా ఉందే, అంది.

అప్పుడు అడిగేశాను. ఎందుకో తెలీదు, ఆవిడ మాట్లాడలేని సమయం చూసి అడిగానేమో. "పిన్నీ, ఆ రోజు నువ్వు సెయ్యెత్తినాది ఆగమని. నాకు తెలుసు. తెలిసే తాతకి సరే అందని సెప్పేను. ఐసు కోసం. ఆ రోజు నువ్వేటి సెప్పాలనుకున్నావు?"

మనవరాలు ఫోను పక్కన పెట్టింది. పిన్ని చెయ్యి, డయాలసిస్ సూదుల కట్టు లేని రెండో చెయ్యి, పైకి లేచింది. ఐదు వేళ్ళు.

కూర్చున్నాను. కుక్కరు కూత పెట్టింది. ఇంకోటి పెట్టింది. మనవరాలే వెళ్ళి కట్టేసింది. వీధిలో ఎవరో నన్ను పిలిచారు, పలకలేదు. మోకాళ్ళు లాగాయి. ఈసారి చూపు తిప్పుకోలేదు. ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను. ఆరిన చోట పిండి నుదుటి మీద తెల్లబడుతూ, బుగ్గల మీదికి దిగుతూ, చివరికి ముక్కు పక్కన కూడా తెల్లబడింది. అప్పుడు చెయ్యి దించింది. లేచి పెరట్లోకి వెళ్ళి తానే ముఖం కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఏటి సెప్పాలో నాకూ తెల్దే గుంటా. అవునందునో, కాదందునో. పలాస ఎల్లాలని ఉండేది, మీ తాత మొకం సూత్తే జాలేసేది. కాసేపు ఆలోసించుకుందుమని సెయ్యెత్తేను. నువ్వు ఐసుకి ఎల్లిపోనావు. మీ తాత బరువు దింపుకోడానికి ఎల్లిపోనాడు. నాకా అయిదు నిమిసాలు ఎవులూ ఇవ్వనేదు."

కోపంగా అనలేదు. ఉప్పు తక్కువైందన్నట్టే అంది. తిడితే బాగుండును. ఇన్నేళ్ళూ ఆవిడకి ఇష్టంలేని పెళ్ళి చేశాననే అనుకుంటూ వచ్చాను. అంతకంటే చిన్నదీ, అంతకంటే తిరిగి ఇవ్వలేనిదీ తీసుకున్నానని నాకు తెలీదు. ఐదు నిమిషాలు. సేమ్యా ఐసు తినడానికి పట్టే సేపు.

నా కళ్ళు చూసి పిన్ని గిన్నె దగ్గరికి లాక్కుంది. అడుగున ఇంకా కాస్త పిండి ఉంది. వేళ్ళతో తీసింది. తెల్లటి, ముడతలు పడిన వేళ్ళు. ఆవిడ ముఖానికి నేను ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. ఆ చేతులు నా ముఖాన్ని ఎన్నడూ ముట్టుకోలేదు, అప్పట్లో కాలుతుందని, తర్వాత నేనే దగ్గర కూర్చోక. ఆ చెయ్యి నా నుదుటి మీద పడింది. నుదుటి నుంచి గడ్డం దాకా, నేను రాసినట్టే రాసింది.

"కదలకు. ఏడవకు, జారిపోతాది," అంది.

చల్లగా ఉంది. ఏడుపు ఆగలేదు గానీ కదల్లేదు. మనవరాలు వచ్చి నా పక్కన కింద కూర్చుంది. బయట పిన్ని కొడుకు బండి హారన్ కొట్టాడు, ఉండమని ఆవిడ కేకేసింది. నేను ఆరిందా అని అడగలేదు.